అత్తయ్య పెట్టె

పంతొమ్మిది వందల నలభై తొమ్మిది ఏప్రిల్‌లో షాంఘైలో జీతం అందాక ఎవరూ నడిచేవారు కాదు, పరుగే. పొద్దున రెండు శేర్ల బియ్యం వచ్చే డబ్బుకి సాయంత్రానికి ఒక్క శేరే. మా ఆయన గెన్‌ఫు ట్రాం కండక్టరు. డిపో గేటు దగ్గర నోట్ల కట్టలు నా బుట్టలో పడేసి, "పరిగెత్తవే!" అని అరిచేవాడు.

ఒక జీతం రోజుకి నా పాలు ఎండిపోయి నాలుగు రోజులు. గంజికి ఇంట్లో గింజ లేదు. ఐదు నెలల బిడ్డ ఏడవడం కూడా మానేశాడు. ఏడ్చే బిడ్డకన్నా ఏడవని బిడ్డే ఎక్కువ భయపెడతాడు.

బియ్యం కొట్టు దగ్గర నా వంతు వచ్చింది. ఇంతలో కర్ర ఊతంతో ఓ ముసలాయన వచ్చాడు. నా పెంపకం పాడుగాను, "ముందు మీరు తీసుకోండి తాతగారూ" అన్నాను. ఆయనకి కొలిచి పోశాక, కొట్టు యజమాని షెన్ ఫోనెత్తి విన్నాడు. పలక మీద ధర తుడిచేశాడు. కొత్తది రాయలేదు.

"కాగితాలకి ఇక ఇవ్వనమ్మా. వెండో బంగారమో తే."

"మా బంగారం నిరుడే బ్యాంకులో ఇచ్చి ఈ కాగితాలు తీసుకున్నాం కదన్నా! దాచుకుంటే జైలని సర్కారే అంది."

"ఇచ్చినవాళ్ళంతా ఇదే మాట అంటున్నారు. జరుగు."

నోట్ల కట్టలు అలాగే మోసుకుని ఇల్లు చేరాను. మెట్ల కింద అత్తయ్య పెట్టె ఉంది. అరవై నిండగానే మావైపు ముసలివాళ్ళందరిలాగే చేయించి పెట్టుకున్న శవపేటిక. ఏటా తనే దానికి లక్క పూసుకునేది. నా బుట్టలో నోట్లే ఉండడం చూసి, కొంగుతో ఆ పెట్టె దుమ్ము తుడిచింది.

"శవపేటికలు చేసే చౌని పిలువు. డబ్బు మాటెత్తకు, బియ్యమే అడుగు."

"అత్తయ్యా, అది మీ..."

"నోర్ముయ్. నేనేమన్నా ఇవాళే పోతున్నానా?"

పెట్టె వెళ్ళింది, బస్తా బియ్యం వచ్చాయి. బిడ్డ గంజి మింగి, గట్టిగా ఏడ్చాడు. అత్తయ్య మెట్ల కింద ఖాళీ వైపే చూస్తూ కూర్చుంది.

"చాపలో చుట్టేస్తారేమోనే నన్ను. చావాలంటే భయమేస్తోంది, అమ్మాయ్."

నాకూ భయమే. ఆ రోజు నుంచి ఆవిడ దగ్గినప్పుడల్లా నేను చూసేది ఆవిడ వైపు కాదు, బస్తా వైపు. పెట్టె తిరిగి తెచ్చుకోవడానికి సరిపడా బియ్యం మిగిలాయా అని.