దిగిరాని ప్లగ్గిన్

ఉదయం ఏడున్నరకే బ్రెయిలీ అచ్చుగది ఆపరేటరుకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఎదురు వీధిలోని పరీక్షా కేంద్రంలో చూపులేని పిల్లలు ఆరుగురు పది గంటలకు చరిత్ర పరీక్ష రాయాలి. ప్రశ్నపత్రం బోర్డు వెబ్‌సైటులో ఏడింటికే వచ్చేసింది. దాన్ని తెరవాలంటే బ్రౌజరులో బోర్డువారి ప్లగ్గిన్ అనే చిన్న ప్రోగ్రాము ఉండాలి. ప్లగ్గిన్ ఉంది. దానికి ఈ ఏడాది కొత్తగా కావలసి వచ్చిన భాగం ఒకటి మాత్రం దిగనని భీష్మించుకు కూర్చుంది.

"అవసరమైన భాగం డౌన్‌లోడ్ కాలేదు. దయచేసి మళ్లీ ప్రయత్నించండి" అంటూ తెర మీద ఎర్రటి పెట్టె. మళ్లీ ప్రయత్నించాడు. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. పదకొండోసారికి ఆ 'దయచేసి' వెక్కిరింపులా తోచింది.

కంప్యూటరు పాతదే. మార్చమని అందరూ అంటారు. కానీ కాగితం మీద చుక్కలు పొడిచే ఆ ప్రింటరు ఈ పాత సిస్టమ్ మాట తప్ప మరొకరి మాట వినదు. అందుకే పన్నెండేళ్లుగా రెంటినీ బుజ్జగిస్తూ నెట్టుకొస్తున్నాడు.

బోర్డు హెల్ప్‌లైనుకు ఫోను చేశాడు.

"బ్రౌజర్ అప్‌డేట్ చేశారా సార్?" అందొక అమ్మాయి.

"కొత్తది ఈ సిస్టమ్ మీద ఎక్కదమ్మా."

"అయితే సిస్టమే మార్చండి సార్."

"మారిస్తే ప్రింటరు పనిచెయ్యదు."

"ఓకే సార్. ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి. నేను లైన్లోనే ఉంటాను."

మిషను ఆగి లేచేసరికి ఏడు నిమిషాలు పట్టింది. లైన్లో ఉంటానన్న అమ్మాయి మూడో నిమిషానికే లేదు.

కంప్యూటర్లు బాగుచేసే బావమరిదికి చేశాడు. వాడు ఆవలిస్తూ ఎత్తాడు.

"ఆ డబ్బాను మ్యూజియానికిచ్చెయ్ బావా."

"ఇస్తాన్లే. ముందు ఇవాళ్టి సంగతి చూడరా."

"వేరే కంప్యూటర్లో దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకో."

"విడిగా ఇవ్వరట. ప్లగ్గినే తనంతట తాను తెచ్చుకోవాలట."

అదీ ఇదీ నొక్కమన్నాడు. అన్నీ నొక్కాడు. ఎర్ర పెట్టె కదల్లేదు.

అప్పుడొచ్చింది ప్రూఫురీడరు. యాభై దాటిన మనిషి. పుట్టుకతోనే చూపులేదు. ఆమె వేళ్లు ఒక్కసారి తడమందే ఈ గదిలోంచి ఏ పేజీ బయటికి పోదు. అతను ఆమెను అక్కయ్యా అని పిలుస్తాడు.

"ఇంకా కాలేదా తమ్ముడూ? ఏమంటోందో నన్నోసారి విననివ్వు."

"ఇది వేళ్లతో తడిమి చూసే పని కాదక్కయ్యా. కాసేపు ఊరుకో."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. ఆమె చేతికర్ర మడిచి బల్ల మీద పెట్టి, కుర్చీ కోసం చెయ్యి చాపింది. అతను సిగ్గుపడుతూ లేచి తన కుర్చీనే జరిపాడు.

తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆమె కోసం అందులో ఎప్పటినుంచో ఉంది. ఒక్కో మీటా నొక్కుతూ ఎర్ర పెట్టె విన్నది, దాని కింద ఉన్నవీ విన్నది, చివరికి తెర మూలకు చేరింది.

"తమ్ముడూ, ఇవాళ తేదీ ఎంత?"

"మార్చి పద్దెనిమిది."

"ఇది జనవరి ఒకటి అంటోంది. సంవత్సరమేమో నువ్వు ఈ మిషను తెచ్చిన సంవత్సరం."

అతను వంగి చూశాడు. ఆ మూలన తెర మీద కనిపించేది గడియారం ఒక్కటే. తేదీ కనపడదు, ఆ సాఫ్ట్‌వేర్ మాత్రమే చదివి వినిపిస్తుంది. ఆ గడియారం ఎప్పుడూ తప్పే కాబట్టి దాని వంక చూడడం మానేసి ఏళ్లయింది.

బావమరిదికి చెబితే ఈసారి ఆవలింత రాలేదు.

"అదే బావా. ఆ సైటు చూపించే గుర్తింపు పత్రం మీద ఈ ఏడాది తేదీ ఉంటుంది. నీ మిషను లెక్కలో ఆ ఏడాది ఇంకా రానేలేదు. అందుకే నమ్మట్లేదు. కరెంటు లేనప్పుడు తేదీని గుర్తుంచుకునే లోపలి బ్యాటరీ చచ్చుంటుంది. ప్లగ్గు పీకారా ఎవరైనా?"

నిన్న సాయంత్రం గది ఊడుస్తూ పీకారు.

"ఈ ముక్క గంట ముందు అనొచ్చుగా?"

"నువ్వు తేదీ మాట ఎత్తలేదుగా."

తేదీ, టైము సరిచేశాడు. భాగం నలభై సెకన్లలో దిగింది. ఎనిమిదీ నలభైకి ప్రింటరు టకటకలాడడం మొదలుపెట్టింది. ఆమె పేజీ వెంట పేజీ వేళ్లతో చదివింది. నాలుగో పేజీలో ఒక యుద్ధం జరిగిన సంవత్సరంలో అంకె ఒకటి ఎగిరిపోయిందని పట్టుకుంది. ఆ పేజీ మళ్లీ తీశారు. పదికి పన్నెండు నిమిషాలుందనగా అతను కట్టలు చంకన పెట్టుకుని పరుగున వీధి దాటి, వాటిని ఇచ్చొచ్చాడు.

తిరిగొచ్చాక ఆయాసం తీరేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పొద్దున ఏదో చిరాకులో..."

"చిరాకు మిషను మీదేనని తెలుసు. తగిలింది మాత్రం నాకు."

"తప్పయింది అక్కయ్యా" అన్నాడు.

ఆమె చేతికర్ర మడతలు సవరించింది.

"సరే. రేపు లెక్కల పరీక్ష. ఆ బ్యాటరీ ఇవాళే మార్పించు."

అతను ప్లగ్గు ఎవరూ పీకకుండా గోడకు టేపు అడ్డంగా, నిలువుగా వేసి బిగించాడు. ఇంకో చుట్టు కూడా వేసి, బ్యాటరీ కోసం బజారుకు బయల్దేరాడు.