దెబ్బ తగలని గెలాక్సీ

ముందుగదిలో గృహ ప్రార్థన పాటలు మొదలయ్యాయి. వంటింట్లో కృప పెద్ద గంజు పొయ్యిమీద పెట్టి, వచ్చిన వాళ్ళందరి చాయ్‌కీ అల్లం దంచుతోంది. ఆరింటికి లాప్‌టాప్‌లో గెలాక్సీలమీద ఆమె పీహెచ్‌డీ ఆఖరి సెమినార్. మరిది నిశ్చితార్థం కోసం ఒకసారి వాయిదా వేసుకుంది. ఈసారి తప్పితే రిజిస్ట్రేషనే పోతుంది. ఆ సంగతి ముందే చెప్పినా అత్త సరోజమ్మ ప్రార్థన ఇవ్వాళే పెట్టింది.

"చుక్కలు యాడికి పోతయి బిడ్డా, రేపు గూడ ఉంటయి" అంది. అబ్బో, చుక్కలంటే ఎంత నమ్మకమో!

కృపకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. చేవెళ్ళ కాలేజీలో పాఠాలు, మొయినాబాద్‌లో దిగి కూరగాయలు, హిమాయత్‌నగర్‌లో ఇంటెడు చాకిరీ. ఈమధ్య తనమీద తనకు జాలి కూడా కలగడం లేదు.

"నిన్నెవరన్న కొట్టిన్రా, తిట్టిన్రా? ఏం తక్కువైంది నీకు?" అంటాడు భర్త రత్నాకర్. నిజమే, ఎవరూ కొట్టలేదు. ఆమె పరిశోధనా దానిమీదే. గెలాక్సీ మధ్యలో నక్షత్రాలు గుమిగూడి ఉబ్బెత్తుగా ఉంటాయి. రెండు గెలాక్సీలు ఢీకొంటే అలాంటి ఉబ్బు పుట్టవచ్చు. కొన్నిటికి మాత్రం ఏ దెబ్బా తగలదు. నక్షత్రాలే పట్టీలా బారుగా చేరి, చుట్టూ ఉన్న వాయువును కోట్ల ఏళ్ళపాటు మెల్లగా లోపలికి తోస్తాయి. మధ్యభాగం బలుస్తుంది. ఆ వాయువు పోయిన చోట కొత్త నక్షత్రం పుట్టడానికి సరుకు మిగలదు. దూరంనుంచి చూసేవాళ్ళకు మాత్రం గెలాక్సీ నిండుగా, చక్కగా కనిపిస్తుంది.

"కృపా, జర వచ్చి సాక్ష్యం చెప్పు" అని సరోజమ్మ పిలిచింది. సాక్ష్యమంటే దేవుడు చేసిన మేలు నలుగురిలో చెప్పాలి. మా ఆయనకు ప్రమోషన్ వచ్చింది, మరిదికి ఉద్యోగం దొరికింది, ఇన్నాళ్ళూ కృప చెప్పినవి అవే. పొయ్యి ఆర్పి, కొంగుకు చేతులు తుడుచుకుని వెళ్ళి నిలబడింది.

"నన్ను ఈ ఇంట్ల ఎవరు కొట్టలే, తిట్టలే. మెల్లమెల్లగ నా దగ్గరున్నదంత ఈ ఇంటికే పోయింది. నాకంటూ ఏం మిగల్లే. ఆరుకు నా సెమినార్ ఉన్నది, లోపల తలుపు పెట్టుకుంటున్న. ఎవరు కొట్టినా తియ్య. చాయ్ మా ఆయన పోస్తడు. దేవునికి స్తోత్రం."

ఆ చివరి మాట చెవిన పడితే చాలు, జనం నోళ్ళు వాటంతటవే తెరుచుకుంటాయి.

"ఆమెన్!"

అందరికంటే గట్టిగా అన్నది రత్నాకరే.