తలుపు మీది గీత

గీత జోలికి మాత్రం పోకు, పొద్దున పాలవ్యాను ఎక్కుతూ ఆయన రెండుసార్లు చెప్పి వెళ్ళాడు, తనేదో దాన్ని పుట్టింటికి మోసుకుపోతున్నట్టు, తలుపంతా గీకి రంగు వెయ్యి కానీ గీత దగ్గర నాలుగువేళ్ళ మేర వదిలెయ్, నాన్న ఉలితో గీసిన గీత అది, సరే మహానుభావా వదిలేస్తాను, ఆమె గరుకు కాగితం మడిచి పట్టుకుని తలుపు అంచు రుద్దుతోంది, ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద గోధుమరంగు, ఎవరెవరు ఎన్నిసార్లు వేశారో, ఇన్ని రంగులు మారినా గీతని మాత్రం ఎవరూ కప్పలేదు, తన నడుము ఎత్తున అలాగే ఉంది, పెద్ద వరద ఇంతవరకే వచ్చిందని మామయ్య గీసిన గీత, వడ్రంగి కదా, గీత గీయనిదే ఏ పనీ మొదలుపెట్టేవారు కాదట, ఈ ఇంట్లో పిల్లల్ని కొలిచేది దాని దగ్గరే, తల గీత దాటిందా, ఇంక నీళ్ళు నిన్నేం చెయ్యలేవు పో అని నెత్తిమీద తట్టి, కింద వాగువైపు గదిలో సొంత మంచం వేసిస్తారు, చిన్నప్పుడు ఆయనకీ అలాగే వేశారు, కూతురు పిచ్చుకకి మొన్ననే వేశారు, బుజ్జిముండ మడమలు ఎత్తకుండా ఒకచేత్తో పాదాలు అదిమిపట్టి, ఇంకోచేత్తో జుట్టు అణిచి మరీ కొలిచింది, దర్జీ పనిలో ఎంతమందిని కొలవలేదు తను, కూతుర్ని కొలిచేటప్పుడే టేపు ఎందుకో జారింది, దాటింది, బొటనవేలు మందం దాటింది, పిల్ల ఇల్లంతా గెంతింది, ఆ రాత్రి నుంచి కింద గదిలో ఒక్కతే పడుకుంటోంది.

ఈ గరగరకి పళ్ళు జివ్వుమంటున్నాయి, ఆవేళ బడిలో ఊళ్ళోవాళ్ళకి బీమా గురించి చెప్పడానికొచ్చిన ఆవిడ బోర్డు మీద సుద్దముక్కతో గీస్తుంటే కూడా ఇలాగే జివ్వుమన్నాయి, పిల్లల బల్లల్లో ఇరుక్కుని కూర్చున్న పెద్దవాళ్ళకి ఆవిడ ఒకటో తరగతి పాఠంలా చెప్పింది, ఇంటికి మీరు కడుతున్న బీమా నిప్పుకీ, దొంగలకీ, కప్పు లేచిపోయి లోపల కారే నీళ్ళకీనండీ, నేల మీద నుంచి పైకి లేచే నీళ్ళకి కాదు, దానికి వేరే తీసుకోవాలి, తీసుకున్నా నెల దాటితే గానీ అమల్లోకి రాదు, మబ్బు చూసి పరుగెత్తుకొస్తే నేనేం చెయ్యలేను, ఇక వందేళ్ళ వరద అంటారు చూశారా, వందేళ్ళకోసారి వచ్చేదని కాదు దానర్థం, సంచిలో వంద గోలీలు, ఒకటి ఎర్రది, ఏటా కళ్ళు మూసుకుని ఒకటి తీస్తాం, చూసి మళ్ళీ సంచిలోనే వేసేస్తాం, పోయినేడు ఎర్రది వచ్చింది కదా అని ఈ ఏడు రాకుండా పోదు, వెనకనుంచి ఎవరో ఆ ఎర్రగోలీ మా బావమరిదికి ఇప్పించండి అన్నారు, అందరూ నవ్వారు, తనూ నవ్వింది, ఆవిడ పటం విప్పి, మీ ఇల్లు వరదొచ్చే నీలం రంగులో పడిందండీ, ఇదివరకు నీళ్ళు వచ్చాయా అని అడిగితే ఆయన లేచి నిలబడి, ఎంత ధీమాగా, ఒక్కసారి వచ్చాయి, నడుం లోతు, తలుపు మీద గీత కూడా ఉంది, ఈ పటం గీసినవాళ్ళు మా తలుపు చూసి ఉండరు, నడుం లోతుకి బీమా ఎందుకండీ, సామాను మేడగదిలో పడేసి రెండ్రోజులు కూర్చుంటే అవే పోతాయి, ఆవిడ ఏమనుకుందో పటం మడిచేసింది, ఇంటికొచ్చే దారంతా తను అడుగుతూనే ఉంది, తీసుకుందామండీ, పిల్ల కింద పడుకుంటోంది, ఆయన గేరు మారుస్తూ, అది గీత దాటింది కదే అన్నాడు.

ఇదేమిటి, గోధుమరంగు కింద చెక్క తేడాగా ఉంది, అంచున అరచెయ్యంత ముక్క వేరేది అతికించి ఉంది, పైన ఇంకోటి, కింద ఇంకోటి, మేకులు కొట్టిన చిల్లులు మైనంతో పూడ్చారు, సరిగ్గా మడతబందులు ఉండాల్సిన చోట్లు, కానీ బందులు ఉన్నది అటువైపు అంచున కదా, ఒకరికి కుట్టిన బట్ట విప్పి ఇంకొకరికి సరిచేస్తే పాత కుట్టు చార ఎంత ఇస్త్రీ చేసినా పోదు, అలాంటి చార ఇది, ఈ తలుపు ఇంకెక్కడో వేలాడింది, అత్తయ్యా, ఈ తలుపు ఎక్కడిది, వసారాలో గింజలు ఒలుస్తున్న అత్తయ్య తల కూడా ఎత్తలేదు, ఎక్కడిదేమిటే, మిట్ట మీది మన పాత ఇంటిది, పైఇంటిది, వరదకి గోడలన్నీ కూలిపోయాయి, ఇదొక్కటే మిగిలింది, అంత మంచి చెక్క వదలబుద్ధి కాక మీ మామయ్య భుజాన మోసుకొచ్చారు, మరి ఈ ఇంట్లోకి నీళ్ళు ఎంతవరకు వచ్చాయి అత్తయ్యా, ఈ ఇల్లెక్కడుందే అప్పటికి, వరద పోయాక కదూ కట్టుకుంది, వందేళ్ళకోసారి వచ్చేది వచ్చిపోయింది, ఇంక మన బతుకుల్లో రాదు, కింద రోడ్డు పక్కన సుఖంగా ఉందాం అన్నారు, దిగాం, మరి పిల్లల్ని ఆ గీత దగ్గర ఎందుకు కొలుస్తారు, అదా, మీ ఆయన చిన్నప్పుడు వానపడితే చాలు వణికిపోయేవాడు, చూడరా గీత దాటేశావు, నీళ్ళు నిన్నేం చేస్తాయి అని మీ మామయ్య ధైర్యం చెప్పేవారు, ఎంత మామూలుగా చెబుతోంది, దాచిందేమీ లేదు, అడిగినవాళ్ళే లేరు, గింజలు గిన్నెలో టపటపా పడుతున్నాయి.

బడి వదిలేసే ఉంటారు, పిచ్చుక ఈపాటికి మిట్ట మీద ఉంటుంది, పైఇంట్లో ఇప్పుడు మిగిలింది గడపరాయి ఒక్కటే, దాని మీద నిలబడి ఎవరికో పాఠాలు చెబుతుంటుంది రోజూ, ఇక్కడినుంచి కేకేస్తే వినబడదు, మేడగది కిటికీలోంచే పిలవాలి, చేతికి రంగుపొడి అంటుకుని ఉంది, కడుక్కోలేదు, అలాగే మెట్లు ఎక్కింది, కొత్త బియ్యం బస్తాలు, పెళ్ళినాటి పెట్టె, కింద ఉన్న కుట్టుమిషను కూడా రేపు వరదొస్తే ఇక్కడికే కదా తెద్దామనుకున్నది, కిటికీ తలుపు తోసింది, వాగు మీద నుంచి తడిగాలి వచ్చింది, అదిగో, గడపరాయి మీద నిటారుగా, చేతిలో పుల్ల, పిచ్చుకా అని పిలవగానే ఇటు తిరిగి నవ్వింది, రోజూ నవ్వేదే, రోజూ ఇలాగే ఎదురుబొదురుగా కళ్ళలోకి కళ్ళు పెట్టి చూసేదే, ఇవాళ ఆమె చెయ్యి కిటికీ ఊచ మీద బిగుసుకుపోయింది, పిల్ల తల గీత ఎత్తు, గీత నీళ్ళ ఎత్తు, నీళ్ళు నిలిచింది ఆ రాయి మీద, ఆ రాయి మీద నిలబడ్డ పిల్ల కళ్ళూ మేడ మీద నిలబడ్డ తన కళ్ళూ ఒక్క మట్టంలో ఉన్నాయి, టేపు అక్కర్లేదు, అంటే ఆ నీళ్ళు మళ్ళీ వస్తే ఈ గదిలో తన కళ్ళు మునిగేదాకా, అంటే ఈ పెట్టె, ఈ బస్తాలు, ఈ కిటికీ, కింద తలుపు మీది గీత ఎక్కడో అడుగున, దానికీ కిందుగా వాగువైపు గదిలో ఒక చిన్న మంచం, దేవుడా, మొన్న తన చేత్తోనే దుప్పటి పరిచింది.

బీమా ఆవిడ సాయంత్రం దాకా ఆఫీసులోనే ఉంటానంది, వెళ్ళాలి, ఆయన వచ్చేదాకా ఆగడం లేదు, తీసుకుంటే నెల దాటాక ఇల్లు భద్రం, ఆ నెలలో వాన ఆగుతుందా, ఆగినా ఆ బీమా గోడలకీ కుట్టుమిషనుకీ, పిల్లకి కాదు, పిల్లకి దారి నేర్పాలి, చీకట్లో అయినా, వానలో అయినా, అమ్మానాన్నా పక్కన లేకపోయినా, ఇంటి వెనక నుంచి మిట్టకి, మిట్ట నుంచి ఇంకా పైకి, మేడ ఎక్కకూడదమ్మా అని చెప్పాలి, మంచం ఇవాళే తన గదిలోకి జరపాలి, అలుగుతుంది, అలగనీ, ఆయనతో ఏమనాలి, మీ నాన్న అబద్ధం ఆడలేదండీ, భయపడ్డ పిల్లాడికి ధైర్యం చెప్పారు అంతే, మనమే ఆ ధైర్యాన్ని కొలత అనుకున్నాం, అమ్మా రానా అని అక్కడినుంచి అరుస్తోంది పిచ్చుక, పుల్ల ఊపుతోంది, ఒక్క దూకు దూకితే వాలు వెంట పరుగెత్తుకొచ్చేస్తుంది, రోజూ తొందరగా కిందికి దిగు అని కసిరే తను ఇవాళ కేకేసింది, వద్దు, అక్కడే ఉండు, నేనే వస్తున్నా, మెట్లు దిగుతూ, గీకి వదిలేసిన తలుపు దాటుతూ, వాలు ఎక్కుతూ ఆమెకి ఒక్కటే తోచింది, పిచ్చుక నిజంగానే గీత దాటింది, ఆ రాయి మీద నిలబడినంతసేపే దాటింది.