కిటికీల నడుము కొలత

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు పాత ఇల్లు కొని చూడమని ఎందుకు అనలేదో, పని మొదలైన మూడో రోజుకే అమ్మమ్మకు తెలిసిపోయింది. అంత మాట అనే ధైర్యం వాళ్లకూ చాలలేదన్నమాట. గోడ గీకితే నీలం, నీలం గీకితే ఆకుపచ్చ, దాని కింద ఎవరి ముచ్చటో గులాబీరంగు. వంటింట్లో కుళాయి తిప్పితే నీళ్లు పక్కగది గోడలోంచి కారేవి. కిటికీల్లో ఏ రెండూ ఒక కొలతలో లేవు. వాటి చట్రాలను చెద తినేసింది; చెయ్యి ఆనిస్తే పిండిలా రాలుతున్నాయి.

ఆ ఇంటిని ఏరికోరి కొనిపించింది అమ్మమ్మ కూతురు. "గోడలు మందం, గాలి బాగా ఆడుతుంది. మిగతాది మనం చేసుకోలేమా?" అని భర్తను ఒప్పించింది. కొన్న వారంలోనే టేపు మెడలో వేసుకుని వచ్చి, తన కూతురి చేత రెండో కొస పట్టించి, కిటికీలు కొలుచుకుంది. నెల తిరక్కుండా మంచం పట్టింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆమె పోయి ఇప్పటికి ఏడు నెలలు.

కూతురికి చేసిపెట్టడానికని తన ఊరు వదిలి వచ్చిన అమ్మమ్మ ఇంకా వీళ్ల అద్దె ఇంట్లోనే ఉంది. కూతురున్నప్పుడు అది కూతురిల్లు. ఇప్పుడు అల్లుడిల్లు. కూతురు లేని అల్లుడింట్లో అత్తగారి చోటు ఎక్కడో ఎవరూ చెప్పరు. అడిగి చెప్పించుకునే సంగతీ కాదు. ఎవరైనా అనేలోపు తనే అనేస్తే మర్యాదగా ఉంటుందని ఒకరోజు మనవరాలిని పిలిచింది.

"కొత్తింట్లోకి మారగానే నేను మా చెల్లెలి దగ్గరికి వెళ్తానని మీ నాన్నతో చెప్పవే."

పిల్ల పక్కగదిలోకి వెళ్లి వచ్చింది. "మీ ఇష్టం అన్నాడు నాన్న."

ఆ రెండు మాటలనూ అమ్మమ్మ ఎన్నిసార్లు తిరగేసి చూసిందో లెక్కలేదు. ఉండమనీ లేదు, వెళ్లమనీ లేదు. ఏ గుడ్డకైనా తిరగేస్తే కుట్టు కనిపిస్తుంది. ఈ మాటకు ఏ వైపూ కుట్టు దొరకలేదు. ఒక్కసారి ఉండమంటే ఉండిపోయేదే. కానీ అనిపించుకుని ఉండటం వేరు, అడుక్కుని ఉండటం వేరు.

ఇంతకీ మధ్యలో పిల్ల ఎందుకంటే, ఆ ఇంట్లో మాటలు అలాగే నడిచేవి. కూతురు బతికున్నన్నాళ్లూ అత్తా అల్లుళ్ల మాటలు ఆమె నోటి మీదుగానే అటూ ఇటూ వెళ్లాయి. ఇప్పుడా ఉద్యోగం పదకొండేళ్ల మనవరాలికి వచ్చింది. ముగ్గురూ ఒకే గదిలో ఉన్నా సరే, "మీ నాన్నను గొడుగు పట్టుకెళ్లమను" అని ఆమె అంటే, "పట్టుకున్నానని చెప్పమ్మా" అని అతను అనేవాడు. పిల్ల నోరు తెరవాల్సిన పనే ఉండేది కాదు. ఇదంతా చూసిన వడ్రంగి ఆ పిల్లకు టపా అని పేరు పెట్టాడు. "ఏమ్మా టపా, ఇవాళ ఉత్తరాలేమీ లేవా?" అని పలకరించేవాడు.

కొత్త చట్రాలు వచ్చిన రోజు సెలవు రోజు. అల్లుడు బళ్లో లెక్కల మాస్టారు, కాబట్టి ఇంటి దగ్గరే ఉన్నాడు. బండి మీదనుంచి ఎనిమిది చట్రాలూ దించి, మొదటిదాన్ని వంటింటి కిటికీ దగ్గరికి మోసుకొచ్చారు. ఎత్తారు, వంచారు, అటు తిప్పి ఇటు తిప్పారు.

"ఎక్కదు," అన్నాడు తాపీమేస్త్రీ, గోడ తరఫున.

"ఎందుకెక్కదు?" అన్నాడు వడ్రంగి, చెక్క తరఫున.

"నీ ఫ్రేము పెద్దదయ్యా బాబూ."

"నా ఫ్రేముకేం, లక్షణంగా ఉంది. నీ గోడే ఒళ్లు చేసింది."

"నా గోడంటావేంటి? నేను పుట్టకముందు గోడ ఇది!"

రెండోది చూశారు. మూడోది, నాలుగోది చూశారు. ఒక్కటీ ఎక్కలేదు. వడ్రంగి చెమట తుడుచుకుని జేబులోంచి కాగితం తీశాడు.

"ఇదిగో మాస్టారూ, మీరిచ్చిన కొలతలు. వంటింటి కిటికీ, పొడవు యాభై, నడుము ముప్పై ఎనిమిది. కిటికీకి నడుమేంటని నేనారోజే అడిగాను. నేనొచ్చి కొలుచుకుంటానంటే అక్కర్లేదన్నారు. ఇంకొకరి కొలతతో ఏ వడ్రంగీ ఉలి పట్టడు. మీ మొహం చూసి పట్టాను."

నడుము సంగతి అందరికీ తెలిసిందే. కూతురు బట్టలు కుట్టేది. ఆమె దగ్గరున్నది ఆర్డర్ల పుస్తకం. అందులో పొడవు, నడుము, మెడ, చెయ్యి అని గళ్లు ముందే అచ్చు వేసి ఉంటాయి. కిటికీల ఎత్తును పొడవు గడిలో, వెడల్పును నడుము గడిలో రాసుకుంది.

"మెడ రాయలేదు, నయం," అన్నాడు తాపీమేస్త్రీ. ఎవరూ నవ్వకపోయేసరికి తాపీ వంక చూసుకున్నాడు.

"కొలత తప్పు కాదు," అన్నాడు అల్లుడు.

"తప్పని నేననట్లేదు మాస్టారూ. ఎక్కువైందంటున్నాను."

"ఎక్కువైతే తప్పనేగా అర్థం. ఆమె కొలత ఎప్పుడూ తప్పలేదు. ఫ్రేములు కోయొద్దు. గోడ చెక్కండి."

తాపీమేస్త్రీ నెత్తిన ఉన్న తువ్వాలు తీసి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు. "పాత గోడ మాస్టారూ. కిటికీ పైన ఇటుకల కమానుంది. ఒక్కటి కదిలితే పది దిగుతాయి. అన్నిటికీ చెక్కమంటారా?"

"అన్నిటికీ."

పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి కాదు అతను. బోర్డు మీద తన లెక్కలో ఏ పిల్లవాడైనా తప్పు పట్టుకుంటే, లెక్క చెరిపేసి ఆ పిల్లవాడికి చప్పట్లు కొట్టిస్తాడని కూతురు మురిసిపోతూ చెప్పేది. అలాంటివాడు ఇవాళ మూడే కాళ్లంటున్నాడు. అమ్మమ్మకు అతని మీద కోపం రాలేదు. ఆ చట్రాల మీద రంపం పెడితే అతనికి ఎక్కడ తెగుతుందో ఆమెకు తెలుసు. ఆమెకూ అక్కడే తెగుతుంది.

సుత్తి దెబ్బ పడింది. పళ్లెమంత పెచ్చు ఊడి నేల మీద పగిలింది. రెండో దెబ్బకు పైనుంచి ఒక ఇటుక జారింది; దాని వెనకే సున్నం ధారగా కారి, గోడ మీద సన్నటి బీట పైకప్పు దాకా పాకింది. పిల్ల ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంటే అమ్మమ్మ తడిగుడ్డతో మొహం తుడుస్తోంది. వడ్రంగి మాత్రం వీళ్లనెవరినీ పట్టించుకోకుండా ఇనప టేపుతో ఒక్కో కిటికీ కొలుస్తూ గొణుక్కుంటున్నాడు.

"ఇదీ రెండే... ఇదీ రెండే. ఒక వింత చెప్పనా మాస్టారూ? కొలత తప్పితే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ రావాలి. ఇక్కడ పొడవులోనూ రెండంగుళాలే ఎక్కువ, వెడల్పులోనూ రెండే. అన్ని కిటికీలకూ అంతే. తప్పు కూడా ఇంత బుద్ధిగా ఉంటుందా?"

అమ్మమ్మ చేతిలో గుడ్డ ఆగిపోయింది.

వయసులో తనూ బట్టలు కుట్టే రోజుల్లో ఒకసారి ఆమె ఖరీదైన పట్టుగుడ్డను ఒంటి కొలతకు సరిగ్గా కత్తిరించేసింది. కుట్టు కోసం చుట్టూ అంగుళం వదలాలన్నది ఆ రోజు ఏ ధ్యాసలోనో మర్చిపోయింది. ఆ గుడ్డ ఎవరికీ పనికిరాకుండా పోయింది. కుట్టేవాళ్లు మిగతా అందరూ పుస్తకంలో ఒంటి కొలత రాసుకుని, కుట్టుకు వదిలేది కత్తిరించేటప్పుడు చూసుకుంటారు. ఆనాటినుంచి ఆమె మాత్రం మతిని నమ్మడం మానేసింది. అంగుళం అటు, అంగుళం ఇటు పుస్తకంలోనే కలిపి రాసేది. కూతురికీ అలాగే నేర్పింది.

"మీ నాన్నతో చెప్పవే—" అంటూ పక్కకు తిరిగింది. పిల్ల అక్కడ లేదు. నోరు పుక్కిలించడానికి పెరట్లోకి పరిగెత్తింది. మూడో దెబ్బకు సుత్తి పైకి లేచింది.

"బాబూ, ఆపించండి!"

ఆ గొంతు ఎవరిదా అని ముందు ఆమే ఉలిక్కిపడింది. సుత్తి గాల్లోనే ఆగింది. అల్లుడు ఆమె వైపు తిరిగాడు.

"ఆ పుస్తకం ఒక్కసారి ఇలా ఇవ్వండి."

అతను సంచిలోంచి తీసి ఇచ్చాడు. కూతురు పోయాక అమ్మమ్మ ఆ చేతిరాత చూడటం అదే మొదలు. గుండ్రటి అంకెలు, సున్నాకు పైన చిన్న కొక్కెం. కాసేపటికిగాని చదవలేకపోయింది.

"ఇవి కిటికీల కొలతలు కావు బాబూ. గుడ్డ కత్తిరించే కొలతలు. కుట్టు మడవడానికి ఇటు అంగుళం, అటు అంగుళం కలిపి రాసింది. ఇలా పుస్తకంలోనే కలిపేసేది మేమిద్దరమే. నేను నేర్పిన అలవాటు."

"కిటికీకి కుట్టేంటమ్మా?" అన్నాడు వడ్రంగి.

"కిటికీకి కుట్టుండదని దానికీ తెలుసు నాయనా. దాని చేతికి తెలియదు."

అల్లుడు ఆమె పక్కకు వచ్చి పుస్తకంలోకి చూశాడు. "అంటే యాభైలో రెండు తీసేస్తే నలభై ఎనిమిది. ముప్పై ఎనిమిదిలో రెండు తీస్తే ముప్పై ఆరు."

వడ్రంగి టేపు పెట్టాడు. "నలభై ఎనిమిది... ముప్పై ఆరు." మళ్లీ పెట్టాడు. "నూలుపోగంత తేడా లేదు మాస్టారూ! గుడ్డ టేపుతో కొలిచి ఇలా ఎలా రాసిందో మహాతల్లి."

"అయితే తప్పు కాదు," అన్నాడు అల్లుడు. వడ్రంగితో కాదు, ఆమెతో.

"కాదు బాబూ. ఆ రెండంగుళాలూ ఎప్పుడూ తీసేసేవే. అది బతికుంటే తనే తీయించేది."

అతను తల ఊపి, గోడ మీద బీటను పరీక్షగా చూస్తున్నవాడిలా చాలాసేపు అటే తిరిగి నిలబడ్డాడు. తర్వాత వడ్రంగితో, "కోయండి," అన్నాడు.

పిల్ల తడి మొహంతో లోపలికి వచ్చింది. "ఏమైంది? నాన్నకి ఎవరు చెప్పారు?"

"నీ ఉద్యోగం ఊడిందమ్మా టపా," అన్నాడు వడ్రంగి.

చట్రాలు విప్పి, రెండేసి అంగుళాలు కోసి, మళ్లీ బిగించడానికి నాలుగు రోజులు పట్టింది. ఎనిమిదీ చొక్కా గుండీల్లా ఎక్కి కూర్చున్నాయి. తాపీమేస్త్రీ బీట పూడ్చి, అది తను చేసింది కాదన్నట్టు దాని మీద రెండు చేతుల సున్నం ఎక్కువే వేశాడు. ఇల్లు మారడానికి ఇంకో వారముంది. అమ్మమ్మ ఎన్నింటి బండికి ఎక్కాలో చెల్లెలితో ఫోనులో అనుకుంది కూడా. కిటికీ గొడవలో నోరు విప్పినంత మాత్రాన ఉండమన్నట్టు కాదు కదా.

వంటింటి అరలు తుడుస్తుండగా అల్లుడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అలవాటు కొద్దీ పిల్ల కోసం చూశాడు. పిల్ల పెరట్లో ఉంది.

"అత్తయ్యా, వెనకగది కిటికీ పుస్తకంలో లేదు. ఆ రోజు తనకు నీరసం వచ్చి, రేపు కొలుద్దాం అందట. మీరు కొలుస్తారా?"

"వడ్రంగి ఉన్నాడుగా."

"కొలతకు ఉన్నాడు. ఆ గదిలో ఏది ఎక్కడ ఉండాలో చెప్పేవాళ్లు కావాలి."

"ఏం పెడతారేంటి అందులో?"

అతను గుమ్మం మీద లేని మరకను గోటితో గీకాడు. "మీ మంచం. తన మిషను. మిషను మీరు చూసుకుంటారని."

అమ్మమ్మ గుడ్డ పిండి దండెం మీద వేసింది. తొందరపడలేదు. "నేను మా చెల్లెలి దగ్గరికి వెళ్తానన్నాను. మీరు మీ ఇష్టం అన్నారు."

"అన్నాను." పిల్లలకు ఏ లెక్కలోనూ ఒక్క మెట్టు వదలకుండా చెప్పే మనిషి, ఇక్కడ ఏ మెట్టు మీద కాలు పెట్టాలో వెతుక్కున్నాడు. "ఉండమంటే, పిల్లను చూసుకోవడానికి పట్టి ఉంచానని అనుకుంటారేమోనని భయం. వెళ్లమని అనడం నా వల్ల కాదు. రెండూ కాని మాట నాకు అదొక్కటే దొరికింది."

"పిల్ల కోసం కాదా మరి?"

"దానికీ కావాలి మీరు." ఆగి, మెల్లగా అన్నాడు. "తన సంగతులు నేను ఇంకెవరితో చెప్పుకోను అత్తయ్యా? ఇస్త్రీ చేసిన చొక్కానే మళ్లీ ఎందుకు చేసేదో, కోపమొస్తే ఎందుకు పాడేదో... మీకు తప్ప ఎవరికి తెలుసు?"

ఆమె చేతులు తుడుచుకుని వెనకగదిలోకి నడిచింది. అతనూ వెనకే వచ్చాడు. ఆ గదికి ఉన్న కిటికీ పలకంత ఉంది. దాని కింద నిలబడి చూపుడువేలూ బొటనవేలూ కలిపి, సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు కళ్ల దగ్గర పెట్టుకుంది.

"ఈ వెలుతురులో నాకు సూది కన్ను కాదు, సూదే కనిపించదు. ఈ గోడ తీయించి నిలువెత్తు కిటికీ పెట్టించండి. మిషను ఇక్కడుండాలి. మంచం అటు. ఎదురెండ కళ్లల్లో పడకూడదు."

తాపీమేస్త్రీ వచ్చి గోడను రెండు చోట్ల తట్టి, చెవి పెట్టి విన్నాడు. "ఇది పాత గోడ కాదమ్మా, తర్వాతెప్పుడో ఎవరో కట్టిన అడ్డు. దీని నెత్తిన బరువేమీ లేదు. నిక్షేపంగా పగలగొట్టొచ్చు," అన్నాడు. చాలా రోజులకు అతని మొహంలో సంతోషం కనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆ పని మొదలవుతుండగా చెల్లెలి ఫోను వచ్చింది.

"బండి ఎన్నింటికి దిగుతావో మళ్లీ చెప్పవే అక్కా, మర్చిపోయాను."

"రావడం లేదే."

"అదేంటి! నీ మంచం కోసం మా ఆయన్ని వరండాలోకి తోశాను."

"పాపం, లోపలికి పిలువు."

"ఉండమన్నాడా అల్లుడు?"

"ఊఁ."

"మర్యాదకి అన్నాడేమో. చూసుకో మరి."

తాపీమేస్త్రీ అరచేతులు రుద్దుకుని సుత్తి ఎత్తాడు. అల్లుడూ మనవరాలూ ముక్కులకు తువ్వాళ్లు కట్టుకుని, దొంగల్లా అతనికి అటూ ఇటూ నిలబడ్డారు. ఒక్క దెబ్బకు ఇటుక బయటికి ఎగిరిపోయి, ఆ కన్నంలోంచి తలగడంత ఎండ వచ్చి నేల మీద పడింది. రెండో దెబ్బకు దుప్పటంత అయింది.

అమ్మమ్మ ఫోను మీదికి వస్తున్న దుమ్మును చేత్తో అడ్డుకుంది.

"మర్యాదకి ఎవరూ గోడలు పగలగొట్టరే," అంది.