కంగారూ తోలు కార్డు హోల్డర్

ఆస్ట్రేలియాలో వార్విక్ అనే ఊళ్ళో నోరీన్ వాళ్ళ నాన్న మెర్వ్ పశువులు తోలేవాళ్ళకి కొరడాలు అల్లేవాడు. ఇప్పుడు మందల వెనక మోటారు బళ్ళు తిరుగుతున్నాయి, కొరడా అడిగేవాడే లేడు. అందుకని నోరీన్ కంగారూ తోలుతో కార్డు హోల్డర్ ఒకటి కుట్టింది. లోపల గుడ్డ లేదు, పైన బొమ్మ లేదు, మెరుపు లేదు. రెండు తోలు ముక్కలు, చేత్తో వేసిన సన్నటి కుట్టు, అంతే. కంగారూ తోలు ఎంత పలచగా గీరినా గట్టిదనం పోదు మరి.

బ్రిస్బేన్‌లో పెద్ద షాపున్న పిమ్ దాన్ని చూడటానికి శనివారం వచ్చాడు. తన షాపులో అమ్ముతానని ఆయన ఊ అంటే తండ్రీకూతుళ్ళ తోలు కొట్టు నిలబడుతుంది. లేదంటే మూసేసి, నోరీన్ దాణా కొట్లో పనికి పోవాల్సిందే.

పిమ్ అంచుల మీద వేలితో రాసి చూశాడు. ముచ్చటపడ్డాడని మొహంలోనే తెలిసింది. తన కార్డులు అందులోకి దూర్చి, ఒకటి తీయబోయాడు. రాలేదు. గోరు పెట్టి లాగినా రాలేదు.

"దీంతోపాటు పటకారు కూడా ఇస్తారా ఏంటి?" అన్నాడు.

మూల కూర్చున్న మెర్వ్ కిసుక్కున నవ్వాడు. నోరీన్ తోలుని రెండు చేతులా లాగి చూసింది, విషయం తెలిసిపోయింది. కొరడాకైతే తోలు కోసేముందే బాగా సాగదీసేస్తారు, లేకపోతే వాడకంలో అల్లిక వదులైపోతుంది. అలవాటుపడ్డ చెయ్యి దీనికీ అదే పని చేసేసింది. ఇక కార్డులకి చోటివ్వడానికి తోల్లో సాగుడే మిగల్లేదు.

"తప్పు నాదే. కొరడాకి చేసినట్టు చేశా," అంది. "టీ తాగుతూ కూర్చోండి, ఇంకోటి కుట్టి ఇస్తా."

"ఇప్పుడా?"

"వీళ్ళమ్మ కూడా ఇంతేనయ్యా. కూర్చోమంటే కూర్చోవడమే," అన్నాడు మెర్వ్.

సాగదీయని తోలు తీసి కోసింది నోరీన్. కుడుతుంటే పిమ్ ఊరుకోలేదు. దాని మీద తన షాపు పేరు బంగారు రంగులో అద్దితే బాగుంటుందన్నాడు, పేరు కనబడకపోతే అంత ధర ఎవరు పెడతారని అడిగాడు.

నోరీన్ తలెత్తలేదు. "పేరు చూసి కొనేవాళ్ళకి మీ దగ్గర వేరేవి బోలెడు ఉంటాయి. ఇది, పట్టుకున్నాక వదలబుద్ధి కానివాళ్ళకి."

అంచులకి మైనం రుద్ది చేతికిచ్చింది. ఈసారి కార్డు బొటనవేలితో నెడితే మెత్తగా జారి వచ్చింది. పిమ్ దాన్ని జేబులో వేసుకుని, మెర్వ్‌తో వానల్లేని సంగతి మాట్లాడుతూ మిగిలిన టీ తాగాడు. బయల్దేరబోతూ కార్డు హోల్డర్ ఏదని బల్ల మీద వెతకడం మొదలెట్టాడు. తోలు ముక్కలు ఎత్తి చూశాడు, కిందికి వంగి చూశాడు.

"మీ చొక్కా జేబులోనే ఉంది బాబూ," అన్నాడు మెర్వ్.

పిమ్ జేబు తడుముకున్నాడు. అంత పలచనిది, ఉన్నట్టే తెలియలేదు. కాసేపు చెయ్యి అక్కడే ఉంచి, మళ్ళీ కూర్చున్నాడు. పేరు మాట ఇంక ఎత్తలేదు. నెలకి ఎన్ని కుట్టగలరని అడిగాడు. కుట్టేది తనొక్కతే, తొందరపెడితే కుదరదని ముందే చెప్పేసింది నోరీన్. సరేనన్నాడు. మొదటి విడతకి తోళ్ళు ఎంచడానికి ఆమె అప్పటికే లేచింది.