మూడో రకం పొగ

"ఇంట్లో ఆడోళ్ళు చేసుకునే పనికి లెక్కేముంటాది మే? దాన్ని యాడ రాస్తావు?"

ఉమామహేశ్వర ఆ మాట అనేసి, అద్దంలో తల దువ్వుకొని, సొసైటీ ఆఫీసుకు వెళ్ళిపోయాడు. మనిషి వెళ్ళాడు గానీ మాట వెళ్ళలేదు. పెరట్లో రంగు గంగాళం బోర్లించి, అడుగున పట్టిన మసిని కొబ్బరిపీచుతో రుద్దుతున్న చౌడేశ్వరి చెవిలోనే కూచుంది. ఎంత రుద్దినా ఆ మసి పోయేది కాదు. మధ్యాహ్నానికి మళ్ళీ అదే గంగాళం పొయ్యి మీదికి ఎక్కాలి, మళ్ళీ అంతే మసి పట్టాలి. ఇక ఇప్పుడు రుద్దడం దేనికి అంటే, రుద్దకపోతే ఏమంటారో తెలుసు కాబట్టి.

ఎర్రగుంట్ల నుంచి పొద్దుటూరు పోయే దారిలో, సిమెంటు లారీలు ఆగకుండా దాటిపోయే ఊరది. ఆ ఊరి చేనేత సొసైటీకి ఉమామహేశ్వర సెక్రెటరీ. సెక్రెటరీకి రాని కంప్యూటరు సెక్రెటరీ భార్య చౌడేశ్వరికి వచ్చు, బీకాం చదివింది కదా! స్టాకు చూడటం, బిల్లులు కొట్టడం, బెంగళూరుకు మెయిళ్ళు పంపడం, అన్నీ ఆమే. మరి జీతమా? అబ్బో, ఎంత మాట! "మా ఇంట్లో ఆమె ఊరికే కూచోలేక రెండు లెక్కలు చూస్తాంటాది సార్" అని ఆయన ఫోన్లో నవ్వుతూ చెప్పడం ఆమె ఎన్నిసార్లు విన్నదో. పొద్దున లేచి వాకిలి ఊడ్చినప్పటి నుంచి మామ మగ్గానికి నూలు కండెలు చుట్టి ఇచ్చేదాకా, ఊరికే కూచోవడమంటే ఎట్లా ఉంటుందో ఆమెకు ఇంతవరకూ తెలియదు.

వీళ్ళ చీరలూ దుప్పట్లూ కొనేది బెంగళూరు కంపెనీ ఒకటి. పోయిన ఏడాది ఆ కంపెనీ ఒక మాట పంపింది. మీ సంస్థ పనివల్ల ఎంత కార్బన్ గాల్లోకి పోతున్నదో కొలవండి, కొలిచి తగ్గించండి, తగ్గించినవాళ్ళ దగ్గరే ఇకమీదట సరుకు కొంటాం అని. కొలవడం నేర్పడానికి క్రాంతి కుమార్ అనే కుర్రాడు వారం వారం ఫోన్లో పాఠం చెప్పేవాడు. పాఠం సెక్రెటరీలకు. మన సెక్రెటరీ పేరు రాయించుకొని, ఫోను తెచ్చి పెళ్ళాం చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని రాగిపిండి డబ్బాకు ఆనించి, సంగటి కెలుకుతూ వినేది.

ఆ వినడం ఎంత బాగుండేదని! పొగ మూడు రకాలట. సంస్థ తన చోట తాను కాల్చే డీజిలు, కట్టెలు, గ్యాసు మొదటి రకం. కొనుక్కునే కరెంటు రెండో రకం. మూడోది, సంస్థ పని కోసం ఇంకెవరి చోటనో పుట్టే పొగ. కంటికి కనపడనిదానికి కూడా బరువు ఉంటుందనీ, దాన్ని కిలోల్లో చెప్పొచ్చనీ తెలిసిన రోజు ఆమెకు సంతోషంతో సంగటి అడుగంటింది. "గాల్లో కలిసిపోయింది కదా అనుకుంటాం మేడం. కానీ అది ఎక్కడికీ పోదు. మనం పోయిన తర్వాత కూడా మన నెత్తిమీదే ఉంటుంది" అన్నాడు ఆ అబ్బాయి ఒకరోజు. ఆ మాటకు మాత్రం ఆమె ఒళ్ళు జలదరించింది. ఎందుకో ఠక్కున అత్త గుర్తుకొచ్చింది.

అత్త పేరు మద్దమ్మ. కాపురానికొచ్చింది మొదలు ఆ పెరటి పొయ్యి ముందరే కూచున్న మనిషి. అప్పట్లో సొసైటీ నూలంతా ఇండ్లల్లోనే రంగు వేసేవాళ్ళు. కంపకట్టెలు, చెనక్కాయ పొట్టు వేసి మంట పెట్టి, గంగాళంలో రంగునీళ్ళు మరిగించి, చిలపలుగా కట్టిన నూలు ముంచి లేపాలి. కంపకట్టె పచ్చిదైతే ఇక చూడండి ఆ పొగ. ఊదుగొట్టం నోట పెట్టుకొని ఊదీ ఊదీ ఆమెకు దగ్గు పట్టుకుంది. మొదట వానాకాలం, తర్వాత చలికాలం, తర్వాత కాలంతో పని లేకుండా. కూలి మాత్రం మగ్గం మీద కూచున్న మామ రామలింగప్ప పేరున వచ్చేది. నేసినవాడికే కదా కూలి! ముసలాయన ఈనాటికీ అదే అంటాడు. "మీ అత్త ఒక్కనాడన్నా పని చేతకాదనిందా? అనలే." ఆమె దగ్గుతుంటే ఉమామహేశ్వర ముందరింట్లో నుంచే "అమ్మా, రొంత నీళ్ళు తాగు" అని కేకేసేవాడు. కొడుకు చూపిన ప్రేమ అంతే. నీళ్ళు మాత్రం కోడలే తెచ్చి ఇచ్చేది.

ఉమామహేశ్వర సెక్రెటరీ అయ్యాక సొసైటీ వాళ్ళు అద్దకం షెడ్డు కట్టి, డీజిలు బాయిలరు పెట్టారు. మద్దమ్మ ఊదుగొట్టాన్ని పెరటి గోడకున్న మేకుకు తగిలించింది. హమ్మయ్య అనుకునేంత కాలం కూడా బతకలేదు పాపం. ఆ ఏడే పోయింది.

ఇప్పుడు బెంగళూరువాళ్ళు తగ్గించండి అన్నారు కదా, మన సెక్రెటరీ ఒకే ఒక్క పని చేశాడు. బాయిలరు ఆపేయించి, నూలును మళ్ళీ ఇండ్లకు పంచేశాడు. కంప్యూటర్లో చౌడేశ్వరి అంకెలు మార్చి చూస్తే, సొసైటీ పొగ సగానికి సగం పడిపోయింది. "చూస్తివా, ఎంత సులువు!" అని చిటికె వేశాడు. కమిటీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆహా, ఏం తెలివి! ఆ రోజే వీధిలో ప్రతి పెరట్లో నుంచీ పొగ లేచింది. ఆడవాళ్ళు ఎవరూ ఏమీ అనలేదు, అడిగినవాళ్ళు ఉంటే కదా అనడానికి.

"ఇది తగ్గడం కాదు. షెడ్డులో ఉండేది ఇండ్లకు వచ్చింది, అంతే. మూడో రకం కింద రాయాల" అంది చౌడేశ్వరి. షెడ్డు పైకప్పు మీద ఎండకు నీళ్ళు కాగే గొట్టాలు పెట్టించమనీ, మన సీమలో ఎండకేం కరువనీ కూడా చెప్పింది. ఆయన వినలేదు. "దానికి కమిటీ ఒప్పుకోవాల, అప్పు తేవాల. ఇండ్లల్లో పొయ్యిలు ఎట్లా ఉండనే ఉండాయి. ఆ సిమెంటు ఫ్యాక్టరీల గొట్టాలు చూడు ఒకసారి, వాటి ముందర మన పొయ్యి ఎంత? ఇప్పుడు నువ్వు అది రాస్తే ఆర్డరు పోతాది. ఆర్డరు పోతే వీధంతా పస్తుండాల, తెలుసునా?" అన్నాడు. ఆమెకు తెలుసు. అందుకే నోరు మూసుకుంది. కానీ ఇప్పుడు రాయకపోతే ఈ పొయ్యిలు ఇక ఎప్పటికీ ఆరవనీ తెలుసు. ఆ పైన ఆయన అన్నదే ఆ మాట, దాన్ని యాడ రాస్తావు అని.

మేకు మీది ఊదుగొట్టం తీసి మొదటిసారి నోటికి ఆనించిన రోజు ఆమె ఉలిక్కిపడింది. ఏళ్ళుగా ఎవరూ ముట్టని ఇనుప గొట్టం, చల్లగా ఉండాలి కదా? అప్పుడే ఎవరో నోట్లోంచి తీసి ఇచ్చినట్టు వెచ్చగా ఉంది. ఎండ తగిలింది కదా, అందుకే, అని సర్దిచెప్పుకుంది. ఊదింది. మంట లేచింది. ఊపిరి తీసుకుందామని గొట్టం దించితే, వెనకాల దగ్గు వినిపించింది.

అత్త దగ్గు. అందులో సందేహం లేదు. ముందు రెండు చిన్నవి, తర్వాత ఒక పెద్దది, ఆ పైన సన్నగా ఈల వేసినట్టు ఊపిరి. పదేళ్ళు విన్నది, ఆ దగ్గును ఆమె ఎక్కడున్నా గుర్తుపట్టగలదు. తిరిగి చూస్తే ఎవరూ లేరు. తీగ మీద నీలం చిలపలు కారుతున్నాయి, మిట్టమధ్యాహ్నపు ఎండకు గోడ తెల్లగా మెరుస్తున్నది. ఒళ్ళంతా చెమట పట్టింది, అయినా లోపల చలి పుట్టింది ఆమెకు.

ఇక అది రోజూ. పొయ్యి ముందర కూచుంటే చాలు, వెనకాల మద్దమ్మ వచ్చి కూచునేది. మొదట భయపడింది. తర్వాత కోపం వచ్చింది, బతికున్నప్పుడు అననిది ఇప్పుడు నా వీపు వెనక ఎందుకు దగ్గుతావు అత్తా, పోయి నీ కొడుకు వెనక దగ్గు, నీ మొగుడి వెనక దగ్గు అని మనసులోనే పోట్లాడింది. తర్వాత ఏడుపొచ్చింది. ఈమె ఎన్ని మధ్యాహ్నాలు ఇట్లా ఒక్కతే కూచుందో, నేను లోపల కండెలు చుట్టుకుంటూ దగ్గును లారీ చప్పుడు విన్నట్టే విన్నాను కదా అని. ఎవరికి చెప్పుకుంటుంది? దయ్యం పట్టిందంటారు, తాయెత్తు కడతారు, పొయ్యి మాత్రం ఆర్పరు.

ఒకటి మాత్రం గమనించింది. ఆ దగ్గు వినిపించిన ప్రతిసారీ లోపల మామ మగ్గం ఆగేది. కాసేపటికి మళ్ళీ ఆడేది. ఒకరోజు ఉండబట్టలేక పోయి అడిగింది.

"ఏం మామా, ఆపినావు?"

"ఏం లేదు లేమ్మా. పోగు తెగింటే" అన్నాడు రామలింగప్ప తల ఎత్తకుండా.

పోగేమీ తెగలేదు. అయితే ముసలాయనకూ వినిపిస్తున్నదన్నమాట. ఆమెకు కొంచెం ధైర్యమూ వచ్చింది, ఇంకొంచెం భయమూ పెరిగింది.

క్రాంతి కుమార్ తనిఖీకి రేపు వస్తాడనగా, ఉమామహేశ్వర ముందరింట్లో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "బాయిలరు మొత్తం ఆపేసినాం సార్. సగానికి సగం తగ్గించినాం. వచ్చి మీరే చూడండి" అని. పెరట్లో కట్టె పచ్చిది, పొగ చుట్టుకుంటున్నది. చౌడేశ్వరి ఊది, గొట్టం దించింది. దగ్గు. రెండు చిన్నవి, ఒక పెద్దది, సన్నటి ఈల.

"అమ్మా, రొంత నీళ్ళు తాగు" అని కేకేశాడు ఉమామహేశ్వర, ఫోను చెవి నుంచి తియ్యకుండా.

అనేశాక ఆగిపోయాడు. ఫోన్లో అవతలి మనిషి హలో హలో అంటున్నాడు. ఉమామహేశ్వర మెల్లగా వచ్చి వెనక వాకిట్లో నిలబడ్డాడు. ఆయన మొగం చూసి చౌడేశ్వరి తనను తాను చూసుకుంది. తన చెయ్యి తన గుండెల మీద ఉంది. గొంతు మండుతున్నది. పెరట్లో ఇంకెవరూ లేరు. ఎప్పుడూ లేరు. ఇన్నాళ్ళూ దగ్గుతున్నది తానే.

ఆయన లోపలికి వెళ్ళిపోయాడు. "సిగ్నలు పోయింది సార్" అంటున్నాడు ఫోన్లో.

"ఏం పాపా, శానా దగ్గుతాండావే" అని గోడ అవతల నుంచి మహాదేవమ్మ పలకరించింది. ఆమె కూడా తన పొయ్యి ఊదుకుంటున్నది. అడిగిన మనిషి జవాబు కోసం ఆగకుండా తానూ దగ్గింది. చౌడేశ్వరి పొయ్యి ముందర నుంచి లేచింది. గంగాళంలో చిలపలు సగం రంగులోనే ఉండిపోయాయి. ఆమె వాటిని చూడలేదు.

మర్నాడు క్రాంతి కుమార్ వచ్చాడు. షెడ్డులో చల్లబడిన బాయిలరు మీద చెయ్యి పెట్టి చూశాడు, ఫోటోలు తీసుకున్నాడు. ఉమామహేశ్వర మర్యాదగా ఇంటికి పిలుచుకొచ్చాడు. చౌడేశ్వరి ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. ఆ అబ్బాయి తింటూ, "లెక్కలు శుభ్రంగా ఉన్నాయి. అన్నీ మీరే చేశారా సెక్రెటరీ గారూ?" అన్నాడు.

"ఏదో సార్. మా ఇంట్లో ఆమె రొంత సాయం చేస్తాంటాది."

"అందులో మూడో రకం రాయలేదు సార్" అంది చౌడేశ్వరి. "చేతులు కడుక్కోండి, చూపిస్తా."

ఉమామహేశ్వర నవ్వబోయాడు. "ఆడ ఏముండాది సార్, ఆడోళ్ళు వంట చేసుకునే చోటు. మసి. మీ గుడ్డలు పాడయితాయి." ఆమె పక్కకు వంగి, పళ్ళు కొరుకుతూ, "ఆర్డరు పోతాది మే" అన్నాడు. పోతుందేమో. ఆమె రాత్రంతా అదే ఆలోచించింది. వీధి పస్తుంటుందన్న మాట అబద్ధమేమీ కాదు. కానీ ఈ దగ్గు కూడా అబద్ధం కాదు కదా. ఆమె వెనక వాకిలి తలుపు బార్లా తెరిచింది.

తీగ మీద చిలపలు, మసిగంగాళం, పేర్చిన కంపకట్టెలు, వరసగా అన్ని పెరళ్ళలో నుంచీ లేస్తున్న పొగ. క్రాంతి కుమార్ తీగ మీది చిలపనొకదాన్ని చేత్తో పట్టి చూశాడు. తర్వాత అడిగాడు, "ఇదంతా సొసైటీ నూలేనా మేడం?"

"సొసైటీదే సార్. ఎండకు నీళ్ళు కాగే గొట్టాలు షెడ్డు మీద పెడితే ఈ పొయ్యిలు ఆరతాయి. అది రేపటి మాట. ఈరోజుది ముందు చూడండి" అంది. మేకుకున్న ఊదుగొట్టం తీసి మొగుడి ముందరికి చాపింది. "నేను ఈరోజు పొయ్యి ముట్టించలేదు. సారు చూడాల కదా. నువ్వు ఊదు."

వచ్చిన మనిషి ముందర కాదనలేక ఉమామహేశ్వర గొట్టం అందుకున్నాడు. ఆమె కట్టెల కింద చెనక్కాయ పొట్టు వేసి అగ్గిపుల్ల గీసి ఇచ్చింది. ఆయన గొంతుక్కూచొని ఊదాడు. పొగ మొగానికి కొట్టింది. కళ్ళు మూసుకొని ఇంకోసారి ఊదాడు. గొట్టం దించాడు.

దగ్గు వచ్చింది. రెండు చిన్నవి, ఒక పెద్దది, ఆ పైన సన్నటి ఈల. వాళ్ళమ్మ దగ్గు.

లోపల మగ్గం ఆగింది. "ఎవరది?" అన్నాడు రామలింగప్ప. ముసలాయన గోడ పట్టుకొని వచ్చి వాకిట్లో నిలబడి, పొయ్యి ముందర ఉన్న కొడుకును చూసి, మళ్ళీ లోపలికి పోలేదు.

"రాసుకోండి సార్" అంది చౌడేశ్వరి.

ఉమామహేశ్వర కళ్ళనీళ్ళతో తల ఎత్తి ఆమె వైపు చెయ్యి చాపాడు. నీళ్ళబిందె ఆమె పక్కనే ఉంది. ఆమె కదల్లేదు.

"రొంత నీళ్ళు తాగు" అంది.