చేయి మారిన అలుపు

మొదటి షిఫ్టు వదిలిన సైరన్ మోగిన కాసేపటికి గోదావరిఖని లైన్ క్వార్టర్ల మధ్య మగవాళ్ళు ఒక్కొక్కరే కనిపించేవారు. ముఖాల నిండా బొగ్గు. ఇల్లు చేరితే చాలన్నట్టు ఉండేది నడక. రాయమల్లు అందరికన్నా వెనక వచ్చేవాడు. గడప మీద కూలబడి బూట్లు విప్పుతుంటే భార్య సారవ్వ చెంబుతో నీళ్ళిచ్చి, వెనక నిలబడి అతని రెండు భుజాల మీద చేతులు ఆనించేది. అలుపు అతని మీద నుంచి ఆమె మీదికి దిగేది. అతని నడుము నిటారయ్యేది. ఆమె మోకాళ్ళు కొంచెం వంగేవి.

"ఇయ్యాల బరువున్నది," అనేది సారవ్వ.

"బొగ్గుల రాయి తగిలింది," అనేవాడు రాయమల్లు. తర్వాత ఆమె పొయ్యి దగ్గరికి, అతను స్నానానికి.

ఆ లైన్లలో ఏ ఇంట్లోనైనా ఇంతే. బొగ్గు బాయిలో పుట్టిన అలుపు ఒక్కరి మీదే ఉంటే తెల్లారినా పోదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పంచుకుంటే పొద్దటికల్లా కరిగిపోతుంది. అయితే సొంతవాళ్ళ మధ్యే అది మారుతుంది. పెళ్ళాం పిల్లలను ఊళ్ళో వదిలి వచ్చినవాళ్ళు వారమంతా తమది తామే మోసుకుని ఆదివారం బస్సెక్కేవాళ్ళు. ఆ రోజు మంథని బస్సు ఎత్తు ఎక్కలేక మూలిగేది. డ్రైవరు ఎవరినీ ఏమీ అనేవాడు కాదు. స్నేహితులది తీసుకుందామని చూసినవాళ్ళూ ఉన్నారు. రాయమల్లు జతగాడు బుచ్చన్న ఒకసారి అతని భుజాలు పట్టుకుని పొద్దుగూకేదాకా కూర్చున్నాడు. చేతులకు చెమట పట్టింది, అంతే.

ఆ ఎండాకాలం సారవ్వకు మోకాళ్ళు వాచాయి. బరువు మొయ్యొద్దని దవాఖానలో చెప్పారు. దాంతో తండ్రి అలుపు తీసుకోవడం పూలమ్మ వంతయింది. ఒక్కతే కూతురు.

"నీకెందుకు బిడ్డా, ఉండనీ," అన్నాడు రాయమల్లు మొదటిరోజు.

"ఫికర్ చెయ్యకు నాయినా," అని చేతులు ఆనించింది. తర్వాత అది మోసుకునే పక్కింటికి కుట్టుపని నేర్చుకోవడానికి పోయింది.

పక్క క్వార్టర్ హబీబున్నీసాది. ఆమె భర్త ఇస్హాక్ కూడా రాయమల్లులాగే టబ్బుల్లోకి బొగ్గు ఎత్తే ఫిల్లరు. ఒక వానాకాలం జ్వరం వచ్చి పోయాడు. కొడుకు మన్సూర్‌కు బాయి మీద వర్క్‌షాపులో పని దొరికింది. ఆమె లైన్లోని ఆడవాళ్ళకు రవికెలు కుట్టేది. పూలమ్మ ఆమెను పిన్నిని పిలిచినట్టు ఖాలా అని పిలిచేది.

ఒకనాటి మధ్యాహ్నం పూలమ్మ మెషిన్ మీద కాలు పెట్టింది గాని కాలు కదలలేదు. హబీబున్నీసా లోపలి గదిలో నమాజులో ఉంది. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన మన్సూర్, బెల్టు వదులైందేమోనని వంగి చూశాడు.

"మెషిన్ మంచిగనే ఉన్నది. నువ్వే మంచిగ లేవు."

"మా నాయినది మీదున్నది."

"ఇటియ్యి మరి," అని నవ్వుతూ చెయ్యి చాచాడు.

"గట్లెట్ల వస్తది? నువ్వు మాకేమైతవ్?" అని ఆమె కూడా నవ్వుతూనే ఆ చేతిలో చెయ్యి పెట్టింది.

అది పోయింది. మన్సూర్ భుజాలు కిందికి దిగాయి. పూలమ్మ కాలికింద మెషిన్ దానంతటదే రెండు చుట్లు తిరిగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

వాళ్ళ ప్రేమ అంటే అంతే. సినిమాకు పోలేదు, గోదావరి ఒడ్డుకు పోలేదు. రోజూ మధ్యాహ్నం ఖాలా నమాజులో ఉన్నంతసేపట్లో ఒక్క క్షణం చెయ్యి పట్టుకునేవాళ్ళు. పూలమ్మ తేలికై కుట్టుకునేది. మన్సూర్ బరువై పోయి వాకిట్లో కూర్చునేవాడు.

"నీది నీకు ఉండనే ఉంటది. మాది గుడ ఎందుకు నీకు?" అంది ఒకరోజు.

"నాది వేళ్ళల్ల ఉంటది. మీ నాయినది నడుంల ఉంటది. రెంటికి జాగ ఉన్నది," అన్నాడు.

దసరా దాటినాక రాయమల్లు పూలమ్మకు సంబంధం చూశాడు. నస్పూర్‌లో ఉండే చెల్లెలి కొడుకు కొమురెల్లి. మాట నడిపినవాడు బుచ్చన్న. కాయగూరలు తరుగుతున్న తల్లి దగ్గర కూర్చుని, తను మన్సూర్‌ను తప్ప ఎవరినీ చేసుకోనని చెప్పింది పూలమ్మ. సారవ్వ కత్తిపీట పక్కకు జరిపింది. తర్వాత మొగుడికి చెప్పింది.

రాయమల్లు అరవలేదు. అరిచే ఓపిక కూడా లేదు.

"సాయబుల ఇంటికి పిల్లనిస్తే రేపు నా పీనుగను మోసెతందుకు మనోళ్ళు నలుగురన్న వస్తరా బిడ్డా?" అన్నాడు. "ఇగ పక్కింటికి పోకు," అన్నాడు.

ఆమె పోలేదు. తండ్రి అలుపు తీసుకోవడం మాత్రం మానలేదు. ఆ నాలుగు గోడల మధ్య తన ఏడుపు తను ఏడ్చింది. ఆ ఏడుపు అలుపు తండ్రిదానికి కలిసింది. మరునాడు షిఫ్టు నుంచి వచ్చిన తండ్రిది తీసుకున్నాక, లైన్ నల్లా దగ్గర నీళ్ళు పట్టుకుని బకెట్ ఎత్తబోతే అది నేల విడవలేదు. అప్పుడే అటుగా వస్తున్న మన్సూర్ ఏమీ అడగకుండా ఆమె చెయ్యి మీద నుంచే బకెట్ పట్టుకుని లేపాడు. క్యూలో ఉన్న ఆడవాళ్ళందరూ చూశారు. అతను ఇంటికి పోయి చాప మీద పడ్డాడు. అన్నానికి లేవమంటే లేవలేకపోయాడు.

మన్సూర్ అప్పటిదాకా తల్లికి తన అలుపు ఇచ్చేవాడు కాదు. వర్క్‌షాపులో ఏం బరువుంటుందని దాటేసేవాడు. ఆ రోజు హబీబున్నీసా అడగకుండానే అతని భుజాలు పట్టుకుంది. పట్టుకోగానే ఆమె ముఖం మారిపోయింది. అది స్పానర్లు తిప్పే మనిషిది కాదు. నడుంలో మొదలై మోకాళ్ళలోకి దిగే అలుపు, చెమ్మాస్ పారతో బొగ్గు ఎత్తేవాళ్ళది. ఫిల్లరు పెళ్ళానికి అది వేరే చెప్పనక్కర్లేదు.

"కిస్కా హై యే?" ఎవరిదని అడిగింది.

మన్సూర్ దాచలేదు. అంతా చెప్పాడు.

"నా తమ్ముడు, మీ మామూ మల్ల మన గడప తొక్కుతడా? నన్ను మనోళ్ళల్ల నిలవనిస్తరా?" అని ఆమె కొంగు నెత్తి మీదికి లాక్కుంది. పొద్దు ఇంకా గూకలేదు. అదే విసురుతో పక్కింటికి నడిచింది.

రాయమల్లు గోడకు ఆనుకుని బీడీ తాగుతున్నాడు. సారవ్వ మంచం మీద కాళ్ళు చాపుకుని ఉంది. పూలమ్మ పొయ్యి ముందు ఉంది.

"రాయమల్లన్నా, నీ అలుపు మా ఇంట్లకు వచ్చింది. వాపస్ తీస్కో," అంది హబీబున్నీసా.

"గదెట్ల వస్తది చెల్లె? మీకు మాకు ఏం వరుస?"

"నేను గుడ గట్లనే అనుకున్న. ముందు తీస్కో, తర్వాత మాట్లాడుదాం. నీ బిడ్డను నువ్వు ఆపుకో, నా కొడుకును నేను ఆపుకుంట."

వంగి అతని భుజాల మీద చేతులు పెట్టింది. అలుపు మారింది. రాయమల్లు వేళ్ళలోంచి బీడీ జారిపోయింది. మొదట వచ్చింది అతనిదే. పొద్దున్నుంచి ఎత్తిన బొగ్గంతా నడుంలోకి తిరిగొచ్చింది. దాని వెనక కూతురిది వచ్చింది. అది గొంతులో నిలబడింది. మింగుదామంటే దిగలేదు. అతను పొయ్యి వైపు చూశాడు. పూలమ్మ తల ఎత్తలేదు.

అక్కడితో ఆగలేదు. ఇంకొకటి వచ్చింది. అది నేరుగా ఎడమ భుజం మీద కూర్చుంది. పాతది, ఇనుములా చల్లగా ఉంది.

"ఇదెవరిది?" అన్నాడు రాయమల్లు.

హబీబున్నీసా గబుక్కున చేతులు తీసేసింది. "అది గాదు. అది నీకు ఇయ్యనీకి రాలే. ఇటియ్యి."

రాయమల్లుకు తెలిసిపోయింది. ఇస్హాక్‌ది ఎడమచేతి వాటం. ఎన్నో ఏళ్ళు ఇద్దరూ ఒకే టబ్బుకు చెరోవైపు నిలబడి బొగ్గు ఎత్తారు. కుడిచేతి మనిషీ ఎడమచేతి మనిషీ పక్కపక్కన నిలబడితే చెమ్మాసులు తగలవు, పని సాఫీగా సాగుతుందని పని పంచే సర్దార్ వాళ్ళను ఎప్పుడూ విడదీయలేదు.

"ఇస్హాక్‌దా?"

ఆమె తల ఊపింది. "జ్వరం ఎక్కిన దినం డ్యూటీ నుంచి వచ్చినంక తీస్కున్న. గదే ఆఖరుది. పోయినోళ్ళది కరగదన్నా. పిల్లగాని మీద వెయ్య బుద్ధి కాలే." మళ్ళీ చేతులు చాచింది. "ఇటియ్యి. నాకు అలవాటే."

రాయమల్లు ఎడమ భుజం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఉండనీ," అన్నాడు.

హబీబున్నీసా ఒంట్లో బరువు లేదు. బరువు లేకుండా ఎలా నిలబడాలో ఆమెకు తెలియలేదు. తలుపు చెక్క పట్టుకుంది. సారవ్వ మంచం మీద జరిగి చోటిచ్చింది. "కూసో అక్కా," అంది. పూలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఇన్నేళ్ళూ గోడ పక్క గోడగా ఉన్నా ఆ ఇంట్లో ఆమె నీళ్ళు తాగింది లేదు. చెంబు ఎత్తి గటగటా తాగింది. కోపం తెచ్చుకోవాలని చూసింది గాని రాలేదు. అలాగే కూర్చుని, సారవ్వ భుజానికి ఒరిగి నిద్రపోయింది. ఎవరూ లేపలేదు. మన్సూర్ వచ్చి గడప అవతల నిలబడి చూసి, తల్లి నిద్రపోతోందని తిరిగి వెళ్ళిపోయాడు.

రాయమల్లు పెళ్ళి ఊసెత్తలేదు. అన్నం తిని పడుకున్నాడు. మోకాళ్ళ నొప్పితోనే భార్య కూడా బిడ్డతో చెరికాస్త పంచుకుంటానంటే తనదీ పూలమ్మదీ మాత్రం ఇచ్చాడు. మూడోది ఇవ్వలేదు.

పొద్దున మొదటి షిఫ్టుకు బాయి దారి పట్టాడు. చెమ్మాస్ భుజాన వేసుకుని బుచ్చన్న దారిలో కలిశాడు. రెండు రోజుల్లో నస్పూర్ నుంచి పిల్లను చూడడానికి వస్తారని చెప్పుకుంటూ నడిచాడు. కొంతదూరం పోయాక ఆగి, రాయమల్లును వెనక నుంచి చూశాడు.

"ఏందే, ఎడమ దిక్కు గిట్ల వంగినవ్? రాత్రి ఇంట్ల ఎవ్వలు తీస్కోలేదా?"

"ఇది నాది గాదు."

"మరెవలది?"

వెనక వస్తున్నవాళ్ళు వాళ్ళను దాటి ముందుకు పోతున్నారు. ల్యాంపు రూం దగ్గర అప్పటికే వరుస కట్టారు. రాయమల్లు ఎడమ భుజాన్ని ఒకసారి ఎగదోసుకున్నాడు.

"ఇస్హాక్‌ది," అన్నాడు. "మా ఇయ్యంకునిది."

బుచ్చన్న అతని ముఖంలోకి చూశాడు. లైన్ నల్లా దగ్గర జరిగింది అతని చెవిన కూడా పడే ఉంది. అడగాలనుకున్నవి చాలా ఉన్నాయి. ఆఖరికి ఒక్కటే అడిగాడు.

"నస్పూరోళ్ళకు నేనేం చెప్పాలె మరి?"

"గదే చెప్పు," అని రాయమల్లు దీపం తీసుకోవడానికి వరుసలో నిలబడ్డాడు.